తప్పని చెప్పినవాడికి రక్ష ఏది? కన్ఫ్యూషియస్ సామరస్యం, నేటి మానవ హక్కులు

1993 మార్చి ఆఖరులో ఆసియా దేశాల ప్రతినిధులు బ్యాంకాక్‌లో సమావేశమై ఒక ప్రకటన తయారుచేసుకున్నారు. ఆ జూన్‌లో వియన్నాలో ప్రపంచ మానవ హక్కుల సదస్సు ఉంది. అక్కడికి వెళ్ళేలోపు తమ మాట ఏమిటో తేల్చుకోవాలన్నది ఉద్దేశం. హక్కులు అందరివీ అని ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూనే, ఆయా ప్రాంతాల చరిత్రను, సంస్కృతిని, మతాలను దృష్టిలో పెట్టుకుని వాటిని చూడాలని మెలిక పెట్టారు. ‘ఆసియా విలువల’ వివాదం అక్కడే రాజుకుంది. సింగపూర్ నాయకులు, వాళ్ళను ఎదిరించినవాళ్ళు, చైనా అధికారులు, పాశ్చాత్య విమర్శకులు అందరూ కలిసి రెండున్నర వేల ఏళ్ళ కిందటి ఒక చైనా పంతులుగారిని, కన్ఫ్యూషియస్‌ను, సాక్షిగా పిలిచారు.

విచిత్రం ఏమిటంటే, కొట్లాడుకున్న పక్షాలు ఒక విషయంలో ఏకాభిప్రాయానికి వచ్చాయి. కన్ఫ్యూషియస్ చెప్పిన సామరస్యం అంటే పెద్దలు చెప్పింది చిన్నలు వినడం, సమాజం కోసం మనిషి సర్దుకుపోవడం అని. ఒకరు దాన్ని మెచ్చుకున్నారు, ఇంకొకరు తిట్టారు, అంతే తేడా. మూలగ్రంథాలు తిరగేస్తే ఆ అర్థం నిలవదు. పాలకుడి ముఖం మీద తప్పని చెప్పడం కన్ఫ్యూషియస్ దృష్టిలో మంత్రి ధర్మం. అయితే అలా చెప్పినవాడి మెడకు రక్ష కల్పించే ఏర్పాటు మాత్రం ఆ సంప్రదాయం చెయ్యలేకపోయింది. మానవ హక్కుల పద్ధతి కొత్తగా తెచ్చింది ముఖ్యంగా ఆ ఏర్పాటునే. ఇక కుటుంబం దగ్గరికి వస్తే కథ వేరు. అక్కడ పేచీ ఏర్పాట్లు లేకపోవడంతో వచ్చింది కాదు, ఆదర్శంలోనే ఉంది. దాన్ని ఏ వ్యాఖ్యానంతోనూ కప్పిపుచ్చలేం.

పులుసులో నీళ్ళు పోస్తే

సామరస్యం గురించి చైనా సాహిత్యంలో ఉన్న అతి స్పష్టమైన వివరణ కన్ఫ్యూషియస్ నోటి నుంచి వచ్చింది కాదు. క్రీ.పూ. 522లో చీ రాజ్యపు మంత్రి యాన్ యింగ్ చెప్పాడు. అప్పటికి కన్ఫ్యూషియస్‌కు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. చీ రాజు వేట నుంచి తిరిగొచ్చాడు. లియాంగ్‌చియు జు అనే ఆస్థానికుడు గుర్రాలను పరుగులు పెట్టించుకుంటూ ఎదురొచ్చాడు. ‘నాతో సామరస్యంగా ఉండేది ఇతనొక్కడే’ అని రాజు మురిసిపోయాడు. యాన్ యింగ్ ఒప్పుకోలేదు. అతను మీ మాటకు తాళం వేస్తున్నాడు, దాన్ని సామరస్యం అనరు అన్నాడు.

తేడా ఏమిటని రాజు అడిగితే వంట లెక్కలో చెప్పాడు. నీళ్ళు, నిప్పు, పుల్లటి రసం, ఊరవేసిన మాంసం, ఉప్పు, పుల్లటి రేగుజాతి పండు, వీటితో చేపనూ మాంసాన్నీ ఉడికిస్తారు. వంటవాడు రుచి చూసి తక్కువైంది కలుపుతాడు, ఎక్కువైతే విరుగుడు వేస్తాడు. తెలుగువాళ్ళకు పులుసు గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు. రాజు సరే అన్నదాంట్లో తప్పుంటే మంత్రి ఆ తప్పు ఎత్తిచూపి, ఆ ‘సరే’ను పక్కాగా నిలబెట్టాలి. రాజు వద్దన్నదాంట్లో మంచి ఉంటే ఆ మంచిని చూపి, ఆ ‘వద్దు’ను పక్కకు తప్పించాలి. లియాంగ్‌చియు జు మాత్రం మీరు సరే అంటే సరే అంటాడు, వద్దంటే వద్దంటాడు. నీళ్ళలో నీళ్ళు పోసి వండితే ఎవరు తింటారు? వీణ తీగలన్నీ ఒకే స్వరం పలికితే ఎవరు వింటారు?

కన్ఫ్యూషియస్ సూక్తుల సంకలనంలో 13వ అధ్యాయం ఈ మాటనే ఒక్క వాక్యంలోకి కుదించింది. సజ్జనుడు సామరస్యం పాటిస్తాడు గాని అందరితో ఒకేలా ఉండడు, అల్పుడు ఒకేలా ఉంటాడు గాని సామరస్యం ఎరగడు. అదే అధ్యాయంలో లూ రాజ్యపు రాజు అడుగుతాడు, దేశాన్ని నాశనం చేసే మాట ఒకటేదైనా ఉందా అని. ఉందంటాడు గురువు. ‘నేను చెప్పినదానికి ఎవరూ ఎదురు చెప్పకపోవడమే రాజుగా నాకున్న సంతోషం’ అనే మాట. రాజు చెప్పింది తప్పై, అయినా ఎవరూ కాదనకపోతే, దేశం ఆ ఒక్క మాటతో కూలే స్థితికి వచ్చినట్టే. రాజును ఎలా కొలవాలని శిష్యుడు జిలూ అడిగితే వచ్చిన జవాబు ఇంకా సూటిగా ఉంటుంది. మోసం చెయ్యకు, ఎదురు చెప్పు.

కాబట్టి సామరస్యం పేరుతో అసమ్మతిని అణిచేసే ప్రభుత్వం కన్ఫ్యూషియస్‌ను అనుసరిస్తోందని చెప్పడం ఆయనకు అన్యాయం. అలాగని ఆయన్ను భావప్రకటన స్వేచ్ఛకు ఆద్యుణ్ణి చెయ్యడం కూడా అంతే అన్యాయం. యాన్ యింగ్ పులుసులో దినుసులు చాలా ఉన్నాయి, రుచి చూసే నాలుక మాత్రం ఒక్కటే. అది పాలకుడి ఆస్థానంలో ఉంది. ఎదురు చెప్పేది మంత్రి, పదవిలో ఉన్నాడు కాబట్టి. రైతుకు గాని, రైతు భార్యకు గాని ఆ బాధ్యతా లేదు, అవకాశమూ లేదు.

రాజు అటూ ఇటూ చూశాడు

హక్కుల వాదులు ఎక్కువగా ఉటంకించేది మెన్షియస్‌ను. కన్ఫ్యూషియస్ బాటలో నడిచిన తత్త్వవేత్త, క్రీ.పూ. 4వ శతాబ్దం వాడు. దేశంలో అన్నిటికన్నా విలువైనది ప్రజ, ఆ తర్వాత క్షేత్రదేవతల పీఠాలు, రాజు అందరికన్నా తేలిక అన్నాడు. షాంగ్ వంశపు చివరి రాజు జోవును చంపడం రాజహత్య కాదా అని చీ రాజు షువాన్ అడిగితే, ‘జోవు అనే ఒక దుర్మార్గుణ్ణి చంపారని విన్నాను, రాజును చంపారని వినలేదు’ అని తేల్చేశాడు. ధర్మం తప్పిన రాజు రాజే కాదన్నమాట. కత్తితో చంపడానికీ పాలనతో చంపడానికీ తేడా ఏమిటని ఇంకోచోట నిలదీశాడు.

ఈ మాటలు చక్రవర్తులకు ఎంత గుచ్చుకున్నాయో చెప్పడానికి ఒక్క ఘటన చాలు. మింగ్ వంశ స్థాపకుడు హోంగ్‌వు 1394లో మెన్షియస్ గ్రంథం నుంచి 85 భాగాలు తీయించేసి కుదించిన ప్రతి వేయించాడు. తీసేసిన భాగాల నుంచి ఉద్యోగ పరీక్షల్లో ప్రశ్నలు ఇవ్వకూడదని ఆంక్ష పెట్టాడు.

తిండి, బట్ట విషయంలో మెన్షియస్ లెక్కలతో సహా మాట్లాడతాడు. ఐదు ‘మూ’ల (మూ అంటే చైనా భూకొలత) ఇంటిస్థలం చుట్టూ మల్బరీ చెట్లు పెడితే యాభై దాటినవాళ్ళు పట్టు కట్టుకోవచ్చు. కోళ్ళు, పందులు పిల్లలు పెట్టే వేళను పాడుచెయ్యకపోతే డెబ్బై దాటినవాళ్ళు మాంసం తినవచ్చు. నూరు ‘మూ’ల పొలం ఉన్న రైతును పనుల రోజుల్లో వెట్టికి లాగకపోతే ఎనిమిది మంది ఉన్న ఇల్లు ఆకలి ఎరగదు. కుదురైన జీవనోపాధి లేనివాడికి కుదురైన మనసుండదు. అలాంటివాణ్ణి తప్పు చేసేదాకా వదిలి, చేశాక శిక్షించడమంటే జనానికి వల పన్నడమే అంటాడు. నేటి భాషలో వీటిని ఆర్థిక, సామాజిక హక్కులు అంటాం. చైనా ప్రభుత్వం ఇప్పటికీ మొదట జీవనోపాధి, ఆ తర్వాతే తక్కినవి అని వాదించేటప్పుడు ఈ వరసనే పట్టుకుంటుంది. ఆ వాదనలో ‘శిక్షించే ముందు పోషించు’ అన్న సగం వినిపిస్తుంది, ‘పోషించలేని రాజు రాజు కాడు’ అన్న సగం వినిపించదు.

ఇప్పుడు అసలు లోటు దగ్గరికి వద్దాం. అదే షువాన్ రాజును మెన్షియస్ మరోసారి ఇరుకున పెట్టాడు. ఒకడు ఊరికి వెళుతూ పెళ్ళాం బిడ్డలను స్నేహితుడికి అప్పగించాడు, తిరిగొచ్చేసరికి వాళ్ళు ఆకలితో చలితో మాడుతున్నారు, ఆ స్నేహితుణ్ణి ఏం చెయ్యాలి? వదిలెయ్యాలన్నాడు రాజు. తన కింది సిబ్బందిని అదుపులో పెట్టలేని న్యాయాధికారిని? తీసెయ్యాలి. మరి రాజ్యం నలుమూలలా పాలన చెడితే? రాజు అటూ ఇటూ చూసి వేరే మాట ఎత్తాడు.

కథ అక్కడితో ఆగిపోతుంది. మెన్షియస్ దగ్గర తర్వాతి మెట్టు లేదు. రాజును నిలబెట్టే సభ లేదు, జవాబు రాబట్టే గడువు లేదు. చెడ్డ రాజును దించవచ్చని ఆయన అన్న మాట నిజమే. కానీ ఎవరు దించాలో కూడా చెప్పాడు. పదేపదే చెప్పినా వినకపోతే రాజబంధువులైన మంత్రులు అతన్ని మార్చవచ్చు, బయటి వంశాల మంత్రులు ఉద్యోగం వదిలి వెళ్ళిపోవాలి. ప్రజల పాత్ర అంతకన్నా తక్కువ. ఆకాశం ప్రజల కళ్ళతో చూస్తుంది, ప్రజల చెవులతో వింటుంది. అంటే వాళ్ళ కష్టం ఒక సంకేతం. ఆ సంకేతాన్ని చదివి కదిలేది వేరొకరు.

హక్కు అనేదాన్ని విడదీస్తే మూడు భాగాలు ఉంటాయి. ఎవరికి రావాలి, ఎవరు ఇవ్వాలి, ఇవ్వకపోతే ఎక్కడికి వెళ్ళాలి. కన్ఫ్యూషియన్ గ్రంథాల్లో రెండో భాగం పుష్కలంగా ఉంది. పాలకుడి విధులు పేజీలకు పేజీలు. మొదటిది అస్పష్టంగా ఉంది. మూడోది ఖాళీ. 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటనలో 8వ అధికరణం ఈ మూడోదాని గురించే ఉంది. హక్కుకు భంగం కలిగితే న్యాయస్థానంలో సరైన పరిహారం దొరకాలని. మన రాజ్యాంగంలో 32వ అధికరణం చేసే పనీ అదే. దాన్ని రాజ్యాంగానికి గుండెకాయగా, ఆత్మగా అంబేద్కర్ వర్ణించింది 1948 డిసెంబర్ 9న. విశ్వమానవ హక్కుల ప్రకటనకు ఆమోదం దొరికింది ఆ మరునాడే.

ఖాళీని పూడ్చే ప్రయత్నాలు జరగలేదని కాదు. కొరియాలో జోసన్ వంశపు రాజుల కాలంలో రాజునూ అధికారులనూ తప్పుపట్టడమే ఉద్యోగంగా మూడు కార్యాలయాలు నడిచాయి. ఆస్థాన చరిత్రకారుల చిత్తుప్రతులను రాజు చూడకూడదనే కట్టుబాటు ఉండేది. 1404లో తేజోంగ్ రాజు వేటలో గుర్రం మీంచి పడి, లేవగానే ‘ఇది చరిత్రకారుడికి తెలియనివ్వకండి’ అన్నాడు. ఆయన పడ్డ సంగతీ, ఆ మాట అన్న సంగతీ రెండూ రికార్డుకెక్కాయి. అధికారాన్ని కట్టడి చెయ్యడంలో కన్ఫ్యూషియన్ వ్యవస్థ ఎంత దూరం వెళ్ళగలిగిందో ఇది చూపుతుంది. చైనాలో అంత వెసులుబాటు కూడా ఎప్పుడూ నిలకడగా లేదు. 1566లో హాయ్ రుయ్ అనే అధికారి చక్రవర్తి జియాజింగ్‌ను తప్పుపడుతూ విజ్ఞప్తి పంపే ముందు శవపేటిక కొనుక్కున్నాడు. జైల్లో పడ్డాడు. చక్రవర్తి చనిపోయాడు కాబట్టి బతికి బయటపడ్డాడు. జనం ఆయన్ను ఇప్పటికీ కొలుస్తారు. నిజం చెప్పడానికి శవపేటిక కావలసిన వ్యవస్థలో నిజం ఎంతమంది చెబుతారన్నది వేరే లెక్క.

పసివాడు ఇంటిపెద్ద అయిన చోట

మెన్షియస్ చెప్పిన ఐదు సంబంధాల్లో రెండు వైపులా బాధ్యత ఉంటుంది. తండ్రీకొడుకుల మధ్య ప్రేమ, రాజుకూ మంత్రికీ మధ్య ధర్మం, భార్యాభర్తల మధ్య పనుల విభజన, పెద్దాచిన్నా మధ్య వరస, స్నేహితుల మధ్య నమ్మకం. హాన్ వంశం నాటికి ఇందులోంచి మూడింటిని ఏరి, మంత్రికి రాజు, కొడుక్కి తండ్రి, భార్యకు భర్త పగ్గం అన్నారు. పగ్గం ఒకవైపే లాగుతుంది. సరిగ్గా ఈ మూడు జంటలనూ లోబడి ఉండే వరసలో పెట్టి, ఇదే లోకానికి శాశ్వత మార్గమని అంతకుముందే రాసింది కన్ఫ్యూషియన్లను ఎద్దేవా చేసిన హాన్ ఫెయ్‌కి ఆపాదించిన గ్రంథం. సామ్రాజ్యానికి అనుకూలమైన సరుకు ఎదుటి బడి నుంచి తెచ్చి, పాత గురువు పేరు మీద అమ్మారని చెప్పవచ్చు. కానీ మొత్తం నేరాన్ని హాన్ కాలం మీదికి నెట్టడం కుదరదు. భార్యాభర్తల మధ్య ‘విభజన’ మెన్షియస్‌లోనే ఉంది. అది ఎప్పుడూ ఆడవాళ్ళ వైపు బరువుగానే దిగింది.

తండ్రి గొర్రెను కాజేస్తే కొడుకు సాక్ష్యం చెప్పాడట, మా ఊళ్ళో నిజాయితీపరుడు అలా ఉంటాడని ఒక ప్రభువు గొప్ప చెప్పుకున్నాడు. మా దగ్గర తండ్రిని కొడుకు, కొడుకును తండ్రి దాస్తారు, నిజాయితీ అందులోనే ఉంది అన్నాడు కన్ఫ్యూషియస్. ఈ చిన్న సంభాషణ చట్టంలో రెండు దారులు పట్టింది. 653 నాటి తాంగ్ ధర్మశాసనం దగ్గరి బంధువుల నేరాన్ని దాచినవాళ్ళను శిక్షించలేదు. అది రక్షణ. అదే శాసనం తల్లిదండ్రుల మీద ఫిర్యాదు చేసిన సంతానానికి, రాజద్రోహం లాంటివి తప్పిస్తే, ఉరి వేసింది. అది నోటికి తాళం. మొదటి సగానికి ఆధునిక హక్కులతో పేచీ లేదు. 2013 నుంచి అమలైన చైనా క్రిమినల్ ప్రొసీజర్ చట్టం కూడా నిందితుడి భార్యను లేదా భర్తను, తల్లిదండ్రులను, పిల్లలను కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదంటుంది. రెండో సగాన్ని మాత్రం ఏ సర్దుబాటూ కాపాడలేదు. ఇంట్లోనే దెబ్బలు తినే బిడ్డ ఎవరికి చెప్పుకోవాలి?

ఈ ముడిని కూర్చుని విప్పింది దక్షిణ కొరియా. అక్కడి ‘హోజు’ పద్ధతిలో ప్రతి మనిషీ ఒక ఇంటిపెద్ద కింద కుటుంబ రిజిస్టర్‌లో నమోదు కావాలి. ఆడపిల్ల తండ్రి రిజిస్టర్‌లో పుట్టి, పెళ్ళితో భర్త రిజిస్టర్‌కు మారి, భర్త పోతే కొడుకు కిందికి వచ్చేది. ఇంటిపెద్ద చనిపోతే ఆ హోదా కొడుకులకు, మనవళ్ళకు ముందు, తర్వాత కూతుళ్ళకు, ఆ తర్వాత భార్యకు, ఆ పైన తల్లికి, చివర కోడలికి. దీని పర్యవసానం కాగితం మీద చూస్తే గాని నమ్మబుద్ధి కాదు. కొడుకు ముందే పోయి, తర్వాత తాత పోతే, ఉయ్యాల్లో ఉన్న మనవడు నాయనమ్మకూ తల్లికీ ఇంటిపెద్ద. విడాకులు తీసుకుని బిడ్డను తానే పెంచుకునే తల్లి సంగతి ఇంకా అన్యాయం. బిడ్డ తండ్రి రిజిస్టర్‌లోనే ఉండిపోయేవాడు. తల్లి నివాస పత్రంలో ఆ బిడ్డను ‘సహనివాసి’ అని రాసేవారు. బడిలో చేర్చేటప్పుడు, బీమా కాగితాల దగ్గర ప్రతిసారీ సంజాయిషీ.

కన్ఫ్యూషియన్ సంఘాలు ఇది జాతి సంప్రదాయమని, దీన్ని తీసేస్తే కుటుంబం కూలిపోతుందని గట్టిగా నిలబడ్డాయి. 2005 ఫిబ్రవరి 3న రాజ్యాంగ న్యాయస్థానం ఈ పద్ధతి వ్యక్తి గౌరవానికీ స్త్రీ పురుష సమానత్వానికీ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఇక్కడ గమనించాల్సింది తర్కం. సంప్రదాయానికి విలువ లేదని కోర్టు అనలేదు. నేటి రాజ్యాంగానికి పొసగనిది రాజ్యాంగం కాపాడే సంప్రదాయం కాజాలదంది. అంతకు ముందు 1997 జూలైలో అదే కోర్టు ఒకే ఇంటిపేరు, ఒకే మూలస్థానం ఉన్నవాళ్ళు పెళ్ళాడకూడదనే నిబంధనను కొట్టేసింది. మన సగోత్ర నిషేధం లాంటిదే. కాకపోతే కిమ్హే కిమ్ లాంటి వంశంలో లక్షల మంది ఉంటారు కాబట్టి ఇబ్బంది ఎన్నో రెట్లు. అలా కలిసి బతుకుతున్న జంటలకు 1978, 1988, 1996లో ఏడాదేసి పాటు ప్రత్యేక వెసులుబాటు ఇచ్చి పెళ్ళిళ్ళు నమోదు చేసుకోనిచ్చారు. చట్టం తనను తానే నమ్మలేకపోతోందనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. 2005 జూలైలో సుప్రీంకోర్టు వంశ సంఘాల్లో మేజర్లైన ఆడవాళ్ళకు కూడా సభ్యత్వం ఉందని చెప్పింది. వంశపు భూమి అమ్మిన సొమ్ము పంచేటప్పుడు కూతుళ్ళను పక్కనపెట్టడం దగ్గర మొదలైన తగాదా అది. ‘హోజు’ 2008 జనవరి 1 నుంచి పూర్తిగా పోయింది. కొరియాలో పితృదేవతలకు అన్నం పెట్టడం, పండగకు ఊరెళ్ళడం ఏవీ ఆగలేదు.

రాజీ ఎక్కడ చెడుతుంది

వ్యాజ్యాలు వినడంలో నేనూ అందరిలాంటివాణ్ణే, అసలు వ్యాజ్యమే లేకుండా చెయ్యగలగాలి అన్నాడు కన్ఫ్యూషియస్. చైనాలో ఇప్పటికీ మధ్యవర్తిత్వానికి పెద్దపీట వెయ్యడం వెనుక ఈ మాట ఉంది. 2011 జనవరి నుంచి అమలైన ప్రజా మధ్యవర్తిత్వ చట్టం ప్రకారం ఊళ్ళో, వాడలో ఉండే కమిటీలు తగాదాలు తీరుస్తాయి, రుసుము తీసుకోకూడదు. కుదిరిన ఒప్పందాన్ని ఇరుపక్షాలూ కలిసి 30 రోజుల్లోపు కోర్టుకు ఇచ్చి ధ్రువీకరించుకుంటే అది కోర్టు ద్వారా అమలు చేయించుకోదగినదవుతుంది. ఇవ్వకపోతే మామూలు ఒప్పందంగా మిగులుతుంది, అవతలివాడు మాట తప్పితే మళ్ళీ మొదటికి రావాలి. గట్టు తగాదాకు, బాకీకి, ఇరుగుపొరుగు గొడవకు ఇది మంచి పద్ధతే. ఇద్దరి బలం దాదాపు సమానం, ఇద్దరూ రేపు మళ్ళీ ముఖాలు చూసుకోవాలి.

బలం సమానం కానిచోట రాజీ అంటే బలహీనుడు ఒప్పుకోవడమే. గృహహింస దీనికి తేట ఉదాహరణ. 2016 మార్చి నుంచి చైనాలో గృహహింస నిరోధక చట్టం ఉంది. రక్షణ ఉత్తర్వు కోసం అడిగితే కోర్టు 72 గంటల్లో, అత్యవసరమైతే 24 గంటల్లో తేల్చాలి. ఉత్తర్వు గరిష్ఠంగా 6 నెలలు పనిచేస్తుంది, పొడిగించుకోవచ్చు. ఇది పూర్తిగా హక్కుల భాష. అదే దేశంలో విడాకుల చట్టం సామరస్యం భాషలో ఉంది. పరస్పర అంగీకారంతో నమోదుకు వెళితే 2021 నుంచి 30 రోజుల నిరీక్షణ. ఆ లోపల ఏ ఒక్కరు మనసు మార్చుకున్నా దరఖాస్తు రద్దు. ఆ తర్వాతి 30 రోజుల్లో ఇద్దరూ స్వయంగా వచ్చి పత్రం తీసుకోకపోయినా రద్దే. కోర్టుకు వెళితే న్యాయమూర్తి ముందు రాజీకి ప్రయత్నించి తీరాలి. మొదటి దావాను కొట్టేసే అలవాటు బలంగా ఉంది, కొత్త కారణం లేకపోతే 6 నెలల దాకా మళ్ళీ దావా వెయ్యడానికి లేదు. దెబ్బలు తింటున్న మనిషికి ఈ గడువులన్నీ కొట్టేవాడి చేతిలో అస్త్రాలు.

ప్రభుత్వమే ఎదుటిపక్షమైతే పరిస్థితి మరీ విషమం. భూమి పోయినవాళ్ళు, జీతం అందనివాళ్ళు పైఅధికారులకు అర్జీ పెట్టుకునే పద్ధతి చైనాలో ఎప్పటినుంచో ఉంది. కింది అధికారి సమర్థతను తన ప్రాంతం నుంచి ఎన్ని అర్జీలు పైకి వెళ్ళాయన్నదానితో కొలిచినప్పుడు, అతనికి సమస్య తీర్చడం కన్నా అర్జీదారుణ్ణి బీజింగ్ దారిలో ఆపడం సులువు. అలా ఆపి అనధికారికంగా నిర్బంధించిన ఉదంతాలను మానవ హక్కుల సంస్థలు నమోదు చేశాయి. వ్యాజ్యాల సంఖ్య తగ్గింది కాబట్టి సమాజం ప్రశాంతంగా ఉందనుకోవడం కన్ఫ్యూషియస్ వాక్యాన్ని తలకిందులుగా చదవడం. ఆయన లేకుండా చెయ్యమన్నది వ్యాజ్యానికి కారణాన్ని.

1948లో చైనా కుర్చీ

మానవ హక్కులు పడమటి సరుకు అనే వాదనకు పెద్ద అడ్డంకి జాంగ్ పెంగ్‌చున్. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకున్న ఈ నాటక ప్రియుడు, దౌత్యవేత్త విశ్వమానవ హక్కుల ప్రకటన రాసిన కమిషన్‌కు ఉపాధ్యక్షుడు. అధ్యక్షురాలు ఎలినార్ రూజ్‌వెల్ట్. మొదటి అధికరణంలో హక్కులు దేవుడు ఇచ్చాడనో, ప్రకృతి ఇచ్చిందనో రాయాలన్న ఒత్తిడి వస్తే ఆయన అడ్డుపడ్డాడు. చైనా జనాభా కూడా మానవజాతిలో భాగమే, వాళ్ళ నమ్మకాలు వేరని గుర్తుచేశాడు. మనిషికి వివేకంతో పాటు సాటి మనిషిని గుర్తెరిగే గుణం ఉందని చేర్చాలని కన్ఫ్యూషియస్ భావనను ముందుకు తెచ్చాడు. చివరి పాఠంలో అది ‘అంతరాత్మ’గా తేలింది, కొంత రుచి పోగొట్టుకుని. అదే కమిషన్‌లో భారత ప్రతినిధి హంసా మెహతా పట్టుబట్టి ‘పురుషులందరూ’ అన్న అర్థం వచ్చే మాటను ‘మానవులందరూ’గా మార్పించింది. సమాజం పట్ల మనిషికి విధులు ఉంటాయని చెప్పే 29వ అధికరణం కూడా అందులోనే ఉంది. ప్రకటనకు అనుకూలంగా 48 ఓట్లు, వ్యతిరేకంగా సున్నా, తటస్థంగా 8. చైనా కుర్చీలో అప్పుడున్న, కమ్యూనిస్టులకు ముందటి రిపబ్లిక్ ప్రభుత్వం అనుకూలంగా ఓటేసింది.

సింగపూర్ 1991లో ఐదు ఉమ్మడి విలువలు ప్రకటించింది. మొదటిది ‘వర్గం కన్నా దేశం ముందు, తన కన్నా సమాజం పైన’, నాలుగోది ‘సంఘర్షణ వద్దు, ఏకాభిప్రాయం’. 1994లో ఆ దేశ మాజీ ప్రధాని లీ క్వాన్ యూ ఒక అమెరికన్ పత్రికలో తూర్పు సమాజాల కుటుంబ నీతి గురించి సుదీర్ఘంగా మాట్లాడితే, అదే పత్రికలో ఆ ఏడాదే జవాబు రాసింది పాశ్చాత్యుడు కాదు, దక్షిణ కొరియా ప్రతిపక్ష రాజకీయవేత్త కిమ్ దే జుంగ్. 1973లో టోక్యో హోటల్ నుంచి తన దేశపు గూఢచారులు ఎత్తుకుపోయిన మనిషి, 1980లో మరణశిక్ష పడిన మనిషి. ప్రజాస్వామ్య భావానికి మెన్షియస్‌లోనే బీజాలున్నాయని ఆయన వాదించాడు. 1998లో ఆయనే అధ్యక్షుడయ్యాడు, 2001లో జాతీయ మానవ హక్కుల కమిషన్ పెట్టాడు. 1997 డిసెంబర్ తర్వాత ఆ దేశంలో ఒక్క ఉరీ అమలు కాలేదు.

చైనాలో హక్కుల మాట, సామరస్యం మాట రెండూ 2004 ఒక్క ఏడాదిలోనే వచ్చాయి. మార్చిలో ‘ప్రభుత్వం మానవ హక్కులను గౌరవించి కాపాడుతుంది’ అనే వాక్యం రాజ్యాంగం 33వ అధికరణంలో చేరింది. సెప్టెంబర్‌లో హు జింటావ్ నాయకత్వంలోని కమ్యూనిస్టు పార్టీ ‘సామరస్య సమాజం’ లక్ష్యంగా ప్రకటించింది. కొన్నేళ్ళకే అక్కడి నెటిజన్లు ఎవరి పోస్టు అయినా మాయమైతే దానికి ‘సామరస్యం జరిగింది’ అని వెటకారంగా చెప్పుకోవడం మొదలుపెట్టారు. 2008 డిసెంబర్‌లో రాజ్యాంగ సంస్కరణలు కోరుతూ వచ్చిన పత్రం మీద సంతకం చేసిన లియు షియావోబోకు 2009 క్రిస్మస్ రోజున 11 ఏళ్ళ శిక్ష పడింది. నోబెల్ శాంతి బహుమతి 2010లో వచ్చింది, ఆయన 2017లో కస్టడీలోనే చనిపోయాడు. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒప్పందం మీద చైనా 1998లో సంతకం చేసింది గాని ఆమోదించలేదు. ఆర్థిక, సామాజిక హక్కుల ఒప్పందాన్ని మాత్రం 2001లో ఆమోదించింది, అది కూడా కార్మిక సంఘాలు పెట్టుకునే హక్కు దగ్గర మినహాయింపుతో. కన్ఫ్యూషియస్ గతి కూడా అంత కుదురుగా ఏమీ లేదు. 2011 జనవరిలో తియానన్మెన్ కూడలి పక్కన మ్యూజియం ముందు ఆయన 9.5 మీటర్ల విగ్రహం లేచింది. ఏప్రిల్‌లో ఒక రాత్రి కారణం చెప్పకుండా తీసి లోపలి ఆవరణలోకి మార్చేశారు.

విధి హక్కుగా మారిన చోట

ఇంతవరకూ రాసినదాన్ని బట్టి విధులూ హక్కులూ ఎప్పుడూ ఎడమొహం పెడమొహమే అనిపించవచ్చు. ముసలి తల్లిదండ్రుల పోషణ దగ్గర ఆ రెండూ ఒకే చట్టంలో ఇమిడాయి. 2013 జూలై 1న అమలైన చైనా వృద్ధుల చట్ట సవరణ దూరంగా ఉండే సంతానం తరచూ వచ్చి చూడాలని, యోగక్షేమాలు అడగాలని రాసింది. అదే రోజు వుషీ నగరంలో ఒక కోర్టు, తల్లిని కనీసం రెండు నెలలకోసారి చూసి రమ్మని కూతుర్ని ఆదేశించింది. ‘తరచూ’ అంటే ఎన్నిసార్లో చట్టం చెప్పకపోవడంతో ఆ లెక్క న్యాయమూర్తి కట్టాల్సి వచ్చింది. మన దేశంలో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకు 2007లో వచ్చిన చట్టం ముఖ్యంగా డబ్బు చుట్టూ తిరిగి, కాస్త ఆచరణలో నిలిచింది. తెలుగు రాష్ట్రాల్లో ఆర్డీవో దగ్గరే అర్జీ, నెలకు 10,000 రూపాయల దాకా మనోవర్తి.

కన్ఫ్యూషియన్ ఆదర్శాన్ని చట్టం చేసినవాటిలో పనితనం ఉన్నది సింగపూర్‌ది. 1995లో చేసిన చట్టం 60 దాటి తనను తాను పోషించుకోలేని తల్లికి గాని తండ్రికి గాని ట్రిబ్యునల్‌కు వెళ్ళే దారి ఇచ్చింది. 2010 సవరణ తర్వాత ముందు రాజీ కమిషనర్ దగ్గర కూర్చోవాలి, కుదరకపోతేనే ట్రిబ్యునల్. అంటే సామరస్యానికి మొదటి అవకాశం, హక్కుకు ఆఖరి మాట. సంతానాన్ని వదిలేసినట్టు, హింసించినట్టు రుజువైతే మనోవర్తిని తగ్గించే లేదా తోసిపుచ్చే అధికారం ట్రిబ్యునల్‌కు మొదటి నుంచీ ఉంది. అయినా చిన్నప్పుడు తమను చావబాదిన తండ్రి నోటీసు పంపితే, ఆ పాత గాయాలన్నీ తవ్వి రుజువు చేసుకోవలసిన భారం పిల్లల మీదే పడేది. 2023 జూలైలో పార్లమెంటు దాన్ని తిప్పింది. పిల్లలను హింసించిన, నిర్లక్ష్యం చేసిన, వదిలేసిన చరిత్ర ఉన్న తల్లిదండ్రులు ఇకమీదట దావా వెయ్యాలంటే ముందు ట్రిబ్యునల్ అనుమతి తెచ్చుకోవాలి.